సందుకు తగ్గ మక్కు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21కు వీడ్కోలు చెప్పింది. 1963లో చేరిన విమానం, అరవై రెండేళ్ళు ఎగిరింది. ఆ వార్త చూశాక, ఎప్పుడో కొని అటక మీద పెట్టిన మిగ్ కిట్‌ను నేనూ కిందికి దించాను.

కిట్ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట. విమానం ఒంటి కుడి సగం, ఎడమ సగం, రెక్కలు, తోక, చక్రాలు అన్నీ విడివిడిగా ప్లాస్టిక్ చట్రానికి అంటుకొని వస్తాయి. కోసి, రాకి, అతికించి, రంగు వేసుకోవాలి. 1/72 కొలతలో మిగ్-21 జానెడు ఉంటుంది. ఎంత జాగ్రత్తగా అతికించినా వీపు మీద, పొట్ట కింద ఒక గీత మిగులుతుంది. రెక్క మొదట్లో సన్నటి సందు మిగులుతుంది. ఈ వారం ఆ సందు గురించే.

అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. డెబ్బై రెండుతో హెచ్చవేసి చూడండి. అసలు విమానంలో అది 36 మిల్లీమీటర్లు. రెక్క మొదట్లో రెండు వేళ్ళు దూరే కంత ఉంటే ఏ పైలట్ ఎక్కుతాడు? పైగా మన మిగ్‌లు మొదట్లో రంగు పూత లేకుండా లోహపు మెరుపుతోనే ఎగిరేవి. ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు వేసే బొమ్మకు చిన్నాచితకా లోపాలు దాగుతాయి. వెండిరంగు వేశామా, గోరు గీటు కూడా బయటపడుతుంది.

ఆ సందు పూడ్చడానికి మోడలింగ్ కోసమే తయారయ్యే టామియా పుట్టీ ట్యూబు మా బళ్ళారి బజారులో అడిగితే దొరికే వస్తువు కాదు. బయటి నుంచి తెప్పించుకోవాలి. అది వచ్చేలోగా ఊళ్ళో ఉన్నదేమిటని చూస్తే చాలానే ఉంది. గనుల లారీలు తిరిగే ఊరు కాబట్టి టింకరింగ్ షెడ్లకు కొదవ లేదు. షెడ్డు ఉన్నచోట లారీ రేకు సొట్టలు పూడ్చే ఎన్.సి. పుట్టీ డబ్బా ఉంటుంది. పెయింటు అంగట్లో నేను అది కొంటుంటే పక్క షెడ్డు మేస్త్రీ నా చేతిలోని బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వీపు మీద గీతకు పుట్టీ ఎందుకు సార్? ప్రైమర్ రెండు కోట్లు కొడితే అదే పూడిపోతుంది. ఈ రెక్క కాడ మాత్రం పెట్టాల."

"ఒకేసారి నింపేస్తే సరిపోదా అన్నా?"

"మందంగా పెట్టినారంటే పైన ఆరుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పల్చగా గీకండి, ఆరనీయండి, మళ్ళీ గీకండి."

పుట్టీ గురించి నేను చదివిన వాటిలో సగం ఈ నాలుగు మాటల్లో ఉంది. ఎన్.సి. పుట్టీ గానీ, టామియా ట్యూబు గానీ ఆరేది అందులోని ద్రావకం ఆవిరైపోయి. ఆవిరైనంత మేరా పుట్టీ కుంచించుకుపోతుంది. ఈ రోజు చదునుగా ఉన్న అతుకు రెండు రోజుల తర్వాత లొత్తగా కనిపించేది అందుకే. మందంగా పెడితే ఇంకో చిక్కు. పైపొర బిగిసిపోయి లోపల చిక్కుకున్న ద్రావకం కింది ప్లాస్టిక్‌నే మెత్తబరుస్తుంది. లారీ రేకుకు ఆ భయం లేదు. బొమ్మకు వాడేది పాలీస్టైరీన్, దానికి ఉంది.

ఆ చిక్కు లేనిది ఎం-సీల్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ. ఆరడానికి ఆవిరి కావలసింది ఏమీ లేదు, రెండూ కలిసి గట్టిపడతాయి. కుంచించుకుపోదు, ప్లాస్టిక్ జోలికి పోదు. పెద్ద కంతలకు, బొమ్మ తోక మీద కూలబడకుండా ముక్కు లోపల పెట్టే బరువును కదలకుండా బిగించడానికి దానికి సాటి లేదు. తడి వేలితో నిమిరితే నున్నబడుతుంది కూడా. కానీ అంచుల్లో పొరలా పల్చబడదు. సన్నటి గీత మీద పెట్టి రాకితే పెచ్చులుగా ఊడుతుంది. ఇక ఫెవిక్విక్‌లో టాల్కం పౌడరు కలిపి పూసేవాళ్ళున్నారు. వంటసోడా చల్లి దాని మీద చుక్క వేసేవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లో సోడా డబ్బా కనపడకపోతే ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. ఈ ఫెవిక్విక్ పూత క్షణాల్లో బిగుస్తుంది, కుంచించుకోదు. కానీ ఆ పూటే రాకెయ్యాలి. తెల్లారేదాకా వదిలేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిపడి కూర్చుంటుంది.

ఇన్ని రకాలలో ఏది మంచిదని అడిగే కుర్రాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఏది బాగా నింపుతుందని చూడకండి. రాకేటప్పుడు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో ఏది సమంగా అరుగుతుందో చూడండి. పుట్టీ ప్లాస్టిక్ కంటే గట్టిగా ఉంటే పక్కల ప్లాస్టిక్ అరిగి పుట్టీ గట్టులా నిలుస్తుంది. మెత్తగా ఉంటే పుట్టీ ముందు అరిగి అక్కడ పల్లం పడుతుంది. రెండిట్లో ఏది జరిగినా రంగు వేశాక పూడ్చిన గీత మళ్ళీ తేలుతుంది.

ఈ సంగతి మన బొమ్మల పనివాళ్ళకు ప్లాస్టిక్ రాకముందే తెలుసు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయి, బళ్ళారి ఇటు మైసూరులో కలిసింది కాబట్టి, రెండు వైపుల బొమ్మలూ మావేనని చెప్పుకునే హక్కు మాకుంది. అటు కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కుతారు. చేతులు, కాళ్ళు విడిగా చేసి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఇటు కొప్పళ దగ్గరి కిన్నాళలో గోనె పీచును నానబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి చింతగింజల బంకతో కలుపుతారు. దాన్ని కిట్ట అంటారు. కర్ర బొమ్మకు కర్ర పొట్టుతో, లేదా దానికి దగ్గరి పీచుతో చేసిన ముద్ద. అందుకే ఆరాక దాన్ని చెక్కినా రాకినా కర్రతో కలిసిపోతుంది.

ఇదే పద్ధతి ప్లాస్టిక్‌కూ ఉంది. ముక్కలు కోసుకున్నాక చట్రం పారేస్తాం కదా, ఆ కాడలను సన్నగా తరిగి, కిట్ ముక్కలు అతికించే పలుచటి ప్లాస్టిక్ సిమెంటులో వేసి మూత బిగించి ఒక రాత్రి వదిలేస్తే తేనె చిక్కదనానికి కరుగుతాయి. దాన్ని సన్న కుంచెతో సందులోకి దించాలి. సిమెంటు ఆవిరయ్యాక మిగిలేది ఆ కిట్ ప్లాస్టిక్కే. గట్టిదనంలో తేడా ఉండదు. ఆరాక రాకి, దాని మీద గీతలు చెక్కుకోవచ్చు. కావలసిందల్లా ఓపికే. ఇదీ కుంచించుకుంటుంది, లోపలిదాకా ఆరడానికి రోజులు పడుతుంది. వీపు గీతకు, రెక్క మొదటికి నేనిప్పుడు వాడేది ఇదే.

మా ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద కూర్చొని పుట్టీ తీస్తే గరిట మీదే తొక్క కడుతుంది. ఫెవిక్విక్‌ది ఎదురు లెక్క. అది బిగిసేది గాలిలోని తేమతో. మా పొడిగాలికి అది మొరాయిస్తే ఆశ్చర్యం లేదు, అప్పుడే సోడా అక్కరకొస్తుంది. వేసవిలో ఈ పనులు తెల్లవారుజామునే చేసుకోవాలి. కిటికీ మాత్రం తెరిచే ఉండాలి. ఆ ద్రావకాల వాసన ఒంటికి మంచిది కాదు.

రెక్క మొదట్లో కొన్న పుట్టీనే పెట్టేవాళ్ళకు దాని తీరు ఇదీ. సందుకు ఇరువైపులా మిల్లీమీటరు ఎడంలో టేపు అంటించాలి. అగ్గిపుల్ల కొసతో పుట్టీని సందులోకి నొక్కుతూ ఒకే వైపుకు లాగాలి. పచ్చిగా ఉండగానే టేపు పీకెయ్యాలి. ఆరాక వాటర్ పేపర్‌ను రబ్బరు ముక్కకు చుట్టి, నీళ్ళలో ముంచి, 400తో మొదలుపెట్టి 600, 800, 1000 దాకా పోవాలి. తడిపి రాకితే దుమ్ము లేవదు, ఊపిరితిత్తులకూ క్షేమం. వేలు నున్నగా ఉందంటే నమ్మొద్దు. బూడిదరంగు ప్రైమర్ కొట్టి, దీపాన్ని పక్కనుంచి పెట్టి చూడాలి. ఉన్న గట్టూ పల్లమూ నీడతో సహా కనబడతాయి.

బొమ్మ చూడవచ్చినవాళ్ళు రంగును మెచ్చుకుంటారు, వాయుసేన గుర్తులను మెచ్చుకుంటారు. పుట్టీ బాగా పెట్టావని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనకూడదు కూడా, అన్నారంటే అది కనబడుతోందన్నమాట.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు చివరిగా ఒక మాట. జిగురు పెట్టకముందే ముక్కలను ఒకదానికొకటి ఆనించి చూసుకోండి. ఎక్కడ తడుతోందో అక్కడ ఆకురాయితో రెండుసార్లు రుద్దండి. సందుల్లో చాలావరకు అక్కడే పోతాయి. మిగిలిన సందుకే పుట్టీ. చట్రం కాడలు మాత్రం పారెయ్యకండి, డబ్బాలో దాచుకోండి.