ఆకరం, సాహసం, మజిలీ: పాత్రధారణ క్రీడాగ్రంథాల ప్రచురణ పద్ధతులు – తెలుగు సందర్భం

ఉపోద్ఘాతం

పాత్రధారణ క్రీడలో నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి, మిగిలినవారు తలా ఒక పాత్ర. సూత్రధారి సన్నివేశాన్ని వర్ణిస్తాడు. పాత్రధారులు తామేం చేయదలచారో చెబుతారు. సందిగ్ధమైన చోట పాచికలు తీర్పు చెబుతాయి. ఈ క్రీడకు తోడుగా వెలువడే గ్రంథాలు ప్రధానంగా రెండు విధాలు. ఒక లోకపు భూగోళాన్నీ చరిత్రనూ ఆచారాలనూ ధరవరలనూ తెలిపేది ఆకర గ్రంథం. ఆ లోకంలో ఒక చిక్కును, దానికి సంబంధించిన స్థలాలను, పాత్రలను సమకూర్చేది సాహస గ్రంథం. రెండింటిలోనూ కథ పూర్తికాదు. దానిని పూర్తి చేసేవాడు ఆడేవాడు. కనుక ఏది అచ్చువేయాలి, ఏది విడిచిపెట్టాలి అన్నది ఇక్కడ వ్యాపార సమస్య మాత్రమే కాదు, సాహిత్య సమస్య కూడా. తెలుగులో ప్రదర్శనకు ఆధారమైన వాఙ్మయాన్ని అచ్చువేసే తీరును పునరాలోచించడానికి ఈ క్రీడాగ్రంథాల అనుభవం ఉపకరిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఒక బల్లకు ఒక కొనుగోలుదారు

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను 1974లో టి.ఎస్.ఆర్. సంస్థ ప్రచురించింది. మొదట నియమాలే అమ్ముడుపోయాయి, సాహసాలను ఎవరి బల్ల దగ్గర వారే కల్పించుకున్నారు. 1978లో ఆ సంస్థ విడి సాహస గ్రంథాలను చిన్న పుస్తకాలుగా తెచ్చింది. వాటి అట్ట పుస్తకానికి కుట్టి ఉండదు. అట్ట లోపలి వైపున పటం అచ్చయి ఉంటుంది. సూత్రధారి ఆ అట్టను తీసి ఎదుట నిలబెట్టుకుంటే పటం అతనికి మాత్రమే కనబడుతుంది. పుస్తకపు భౌతిక రూపమే దాని వినియోగాన్ని నిర్దేశించిన ఉదాహరణ ఇది.

అయితే నియమగ్రంథాన్ని పాత్రధారులందరూ కొనవచ్చు గాని, సాహస గ్రంథం సూత్రధారి ఒక్కడికే కావాలి. పాత్రధారులు దానిని చదివితే ఆటే చెడుతుంది. ఐదుగురు ఆడే బల్లకు కొనుగోలుదారు ఒక్కడే. ఈ లెక్కే తరువాతి ప్రచురణ పద్ధతులను శాసించింది. 1990 దశకంలో టి.ఎస్.ఆర్. అనేక లోకాలకు వేర్వేరు ఆకర గ్రంథాలు తెచ్చి, ఉన్న పాఠకులనే ముక్కలు చేసుకుంది. 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఆ సంస్థను కొన్నది. 2000లో బహిరంగ అనుమతి పత్రం ద్వారా మూల నియమాలను ఇతర ప్రచురణకర్తలు కూడా వాడుకునే వీలు కల్పించింది. లాభం తక్కువైన సాహసాలను ఇతరులు వేస్తే, వాటివల్ల మూలగ్రంథం అమ్ముడవుతుందన్నది అందులోని ఆలోచన.

2007లో పైజో సంస్థ ‘పాత్‌ఫైండర్’ పేరుతో నెలనెలా ఒక భాగంగా సాగే సాహస మాలికను చందా పద్ధతిలో ఆరంభించింది. ఈ పద్ధతి నిలదొక్కుకున్నది. కాని దీని మూల్యం గమనించదగినది. తరువాతి భాగం కథ ముందే నిశ్చయమై ఉన్నప్పుడు, ఈ భాగంలో పాత్రధారులు ఎటు పోయినా చివరకు అక్కడికే చేరాలి. ఆడడానికి కాక చదువుకోవడానికి కొనేవారికి ఇది లోపంగా తోచదు, నవలలా హాయిగా సాగుతుంది. గ్రంథం చదువుకోవడానికి ఎంత అనుకూలమైతే ఆటలో అడిగేవాడి చోటు అంత కుదించుకుపోయే ప్రమాదముంది.

మజిలీ: రెండు తెలుగు గ్రంథాలు

ఆకరం, సాహసం అన్న ఈ విభజన తెలుగు పాఠకుడికి పూర్తిగా కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం విడిచి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరేవరకు మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసిన లేఖలే ‘కాశీయాత్ర చరిత్ర’. రచయిత మరణానంతరం 1838లో శ్రీనివాసపిళ్లె దానిని అచ్చువేయించాడు. మజిలీ ఎక్కడ, దూరమెంత, నీటి వసతి ఉన్నదా, సరుకులు దొరుకుతాయా అన్న వివరాలు అందులో నిండి ఉన్నాయి. తన తరువాత ఆ దారిన నడవబోయేవాడిని ఉద్దేశించిన రచన అది. ఈ అర్థంలో అది ఆకర గ్రంథం.

మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ ఇందుకు జంట. మణిసిద్ధుడనే యతి, అతనికి తోడుగా బయలుదేరిన పశువుల కాపరి కాశీకి నడుస్తారు. దారిలో కాపరి ఒక వింతను చూసి అడుగుతాడు, మజిలీ చేరాక యతి దాని కథ చెబుతాడు. పన్నెండు భాగాలుగా వెలువడిన ఈ రచనకు మజిలీ కథన సూత్రమే కాక ప్రచురణ సూత్రం కూడా. ఏ మజిలీ దగ్గరైనా పుస్తకం ఆగవచ్చు, మరునాడు మళ్లీ సాగవచ్చు. పాఠకుడు ఏ భాగం నుండైనా ప్రవేశించవచ్చు. కథను నడిపేది యతి జ్ఞానం కాదు, కాపరి ప్రశ్న. అయితే అచ్చులో ఆ ప్రశ్న ఒకే ఒక్కసారి, ఒకే విధంగా అడిగినదిగా స్థిరపడింది. సాహస మాలికకు పట్టిన గతే ఇక్కడా కనిపిస్తుంది.

అచ్చుకెక్కని ఆకరం

స్థిరపడడం వల్ల కలిగే నష్టం తోలుబొమ్మలాటలో మరింత స్పష్టం. ఈ కళకు పేరున్న ప్రాంతాలలో నెల్లూరు సీమ ఒకటి. రామాయణ ప్రదర్శనలకు రంగనాథ రామాయణ ద్విపద ప్రధాన ఆధారం. ఆ గ్రంథం అచ్చులో దొరుకుతుంది. దొరకనిది మిగిలినదంతా. ఏ ఘట్టానికి హనుమంతుడి ఏ బొమ్మను తెర మీదికి తేవాలి, రాత్రి పొద్దుపోతే ఏ ఘట్టాన్ని కుదించాలి, కేతిగాడూ బంగారక్కా ఎక్కడ ప్రవేశించి ఆ ఊరి సంగతులను హాస్యంలోకి లాగాలి అన్న జ్ఞానం ఆటగాళ్ల నోటనే ఉన్నది. ఒక రాత్రి ప్రదర్శనను యథాతథంగా రాసి ప్రచురిస్తే కేతిగాడి హాస్యం ఆ ఒక్క ఊరికే పరిమితమవుతుంది. రాయవలసినది అతడు అన్న మాట మాత్రమే కాదు, ఆ మాటకు ఆట విడిచిన ఖాళీ కూడా. ఆకర గ్రంథ నిర్మాణం నేర్పేది సరిగ్గా ఇదే.

ఉపసంహారం

దీనికి ఒక ఊరిని ప్రమాణంగా తీసుకొని చూడవచ్చు. నెల్లూరికి ఎదురుగా, పెన్న ఉత్తరపు గట్టున కోవూరు ఉన్నది. చెన్నై నుండి ఉత్తరానికి పోయే రహదారి నది దాటగానే తగిలే ఊరు కావడంతో మజిలీకి సహజమైన చోటు. కోవూరిని గురించి సాహస గ్రంథం రాసేవాడు వరద రాత్రి చిక్కుకున్న బాటసారుల కథ ఒకటి అల్లి ముగించవచ్చు. ఆకర గ్రంథం రాసేవాడు మాత్రం నది ఎప్పుడు పొంగుతుందో, కాలువ నీటి వంతులు ఎలా నడుస్తాయో, వరి కోతల నాడు ఊరిలో ఎవరు ఎక్కడ ఉంటారో, తోలుబొమ్మల తెర ఎక్కడ కడతారో చెప్పాలి. మొదటిది ఒక కథను ఇస్తుంది, రెండవది పది కథలకు నేలను ఇస్తుంది.

మొదటి దానికి పాఠకులు దొరుకుతారు. రెండవ దానికి బల్లకు ఒక్కడే కొనుగోలుదారు. కనుక దానిని విపణికి వదలకుండా విశ్వవిద్యాలయాలు, అకాడమీలు చేపట్టవలసి ఉంటుంది. జానపద ప్రదర్శన పాఠాలను సేకరించే పరిశోధకులు పాఠంతో పాటు దాని ఖాళీలను కూడా నమోదు చేసినప్పుడు, కాపరి మళ్లీ కొత్త ప్రశ్న అడిగే వీలుంటుంది.