కమాన్ల మేస్త్రీ

అంతర్వేది పల్లిపాలెం చేపల పెట్టెలూ, సఖినేటిపల్లి కొబ్బరికాయలూ మోసే పికప్ వ్యాన్ల భారమంతా వెనుక కమాను కట్టలదే. ఉప్పుగాలికి కట్టలోని పట్టీల మధ్య తుప్పు చేరుతుంది. ఏళ్ల తరబడి లోడు మోసి వంపు చచ్చిపోతుంది. అప్పుడు చూడాలి మేస్త్రీ పనితనం! సెంటర్ బోల్టు తీసి, పట్టీలు విడదీసి, ఒక్కోదాన్నీ దిమ్మె మీద సమ్మెటతో కొడుతూ వంపు తెప్పిస్తాడు. దెబ్బ ఎక్కువైతే చిట్లుతుంది, తక్కువైతే వంపు నిలవదు. కొలత కంటిదే. ఆ కంటికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

అదనపు పట్టీ వేయమంటే మంచి మేస్త్రీ వెంటనే ఒప్పుకోడు. కట్ట మరీ గట్టిపడితే ఖాళీ బండి గుంతల్లో ఎగిరిపడుతుంది. అందుకే వేయాల్సి వస్తే, బరువు పడ్డప్పుడు మాత్రమే ఆనేలా ఆ అదనపు పట్టీని అమరుస్తాడు. గ్రీజు పూసి, రెండు పక్కలా ఎత్తు సరిచూసి, యూ బోల్టులు బిగిస్తాడు. ఒక లోడు తిరిగాక మళ్లీ బిగించుకోవడానికి రమ్మంటాడు.