అడిగే తీరు

"మీ బాబు వేలు పెట్టి చూపిస్తాడా?" అని అడిగితే చాలామంది తల్లులు "ఓ, చూపిస్తాడండీ" అనేస్తారు. అబద్ధమేం కాదు. బిస్కెట్ డబ్బా కావాలంటే వాడు అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, ఆ చేతినే డబ్బా మీద పెడతాడు. అమ్మ లెక్కలో అదీ చూపించడమే. నా లెక్కలో అది వేరు. అందుకే ఇలా అడుగుతాను: "అన్నం పెడుతూ చందమామను చూపిస్తారు కదమ్మా, అప్పుడు వాడి చూపు ఎటు పోతుంది?" ఆకాశం వైపా, మీ వేలి దగ్గరే ఆగిపోతుందా, ఎటూ పోదా? చందమామను చూశాక, నువ్వూ చూశావా అన్నట్టు మళ్లీ మీ మొహంలోకి చూస్తాడా? ఆటిజం అనుమానంతో తెచ్చిన ఏడాదిన్నర పిల్లాడిలో నేను వెతికేది ఆ వెనక్కి తిరిగే చూపు. (అపార్ట్‌మెంట్ వాళ్లకి చందమామ పనికిరాదు. వాళ్లని బాల్కనీ కింది కుక్క గురించి అడగాలి.)

ఆటిజాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. ముందు చెవులు పరీక్ష చేయిస్తాం. పేరు పెట్టి పిలిస్తే పలకనిది వినపడకనా అన్నది తేలాలిగా. ఆ తర్వాత ఉన్నదల్లా పిల్లాడి ఆటను చూడడం, ఇంటివాళ్లని అడగడం. మా వృత్తిలో సగం నైపుణ్యం అడగడంలోనే ఉంది.

వైకల్య సర్టిఫికెట్ కోసం మన దేశంలో వాడే కొలత ఐఎస్‌ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం). సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మనోవికాస్ నగర్ ఉంది చూడండి, అక్కడి మేధో వైకల్యాల జాతీయ సంస్థే దాన్ని తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70కి లోపుంటే ఆటిజం లేనట్టు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం. ఇక్కడ ఎక్కువ మార్కులు రావడం మంచి సంగతి కాదని కొందరు నాన్నలకి రెండుసార్లు చెప్పాలి. ఒకటంటే అరుదుగా, అయిదంటే దాదాపు ఎప్పుడూ. చిక్కంతా ఈ మధ్యలోనే. "చేతులు ఊపుతాడా?" అంటే "అప్పుడప్పుడూ" అంటారు. ఆ మాటకి రెండు వెయ్యాలా, నాలుగు వెయ్యాలా? కాబట్టి నిన్న పొద్దున పిల్లాడు లేచిన దగ్గర్నుంచి చెప్పమంటాను. పళ్లు తోమేటప్పుడు, కుక్కర్ కూతేసినప్పుడు, కరెంటు పోయినప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు ఏం చేశాడని. అంకె దానంతటదే బయటపడుతుంది.

చిన్నపిల్లల వడపోతకి వాడే ఎం-చాట్‌లో 20 ప్రశ్నలుంటాయి, 16 నుంచి 30 నెలల వయసువాళ్లకి. జవాబులు ఔను, కాదు. కానీ అనుమానం తగిలిన చోట ఉదాహరణలతో తరచి అడగమని రెండో విడత ప్రశ్నల్ని తయారుచేసినవాళ్లే జతచేశారు. సెల్‌ఫోన్లో మొదటి విడత నింపేసి, అర్ధరాత్రి దాకా ఏడ్చి, పొద్దున్నే నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఆ రెండో విడత సంగతి తెలియదు.

ఇంకో తమాషా ఉంది. సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు ఇంట్లో కష్టాలన్నీ ఏకరువు పెట్టిన తండ్రే, స్కూలు సీటు కోసం రిపోర్టు అడిగేటప్పుడు "అంతేం లేదండీ, కాస్త అల్లరి" అంటాడు. నేను తప్పుపట్టను. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం 21 వైకల్యాల్లో దాన్ని చేర్చింది. కాగితం మీద హక్కు వచ్చింది గానీ, స్కూలు గేటు దగ్గర ఆ కాగితం తీయాలా దాచాలా అన్న బెంగ పోలేదు. ఇలాంటప్పుడు నేను నాయనమ్మ వైపో, అమ్మమ్మ వైపో తిరుగుతాను. నలుగురు మనవల్ని ఎత్తుకున్న మనిషి, తేడా ఎక్కడుందో ఇట్టే చెబుతుంది. అయితే "మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వీళ్ల నాన్నకీ నాలుగేళ్లకి గానీ రాలేదు" అని రెండేళ్లు ఆపేదీ ఆవిడే.

నాకు ఎక్కువ దిగులు ఆడపిల్లల గురించి. మాట్లాడని మగపిల్లాణ్ణి ఎవరో ఒకరు డాక్టర్‌కి చూపిస్తారు. మాట్లాడని ఆడపిల్లని మెచ్చుకుంటారు. "మా పాప పద్ధతైన పిల్లండీ, ఎవరి జోలికీ పోదు" అని టీచరూ మురిసిపోతుంది. పాప పక్కపిల్ల నవ్వితే నవ్వుతుంది, చప్పట్లు కొడితే కొడుతుంది, ఇంటికి రాగానే యూనిఫాం విప్పకుండా గంటసేపు అరుస్తుంది. స్కూల్లో రోజంతా చేసిన నకలుకి అది ఖరీదు. "ఇంట్లో పెంకి, బడిలో బుద్ధిమంతురాలు" అన్న ఫిర్యాదు విన్నప్పుడల్లా నేను కాస్త ఎక్కువసేపు అడుగుతాను. ఆ పిల్లకి స్నేహితులెందరని అడగను. ఇంటర్వెల్‌లో ఎక్కడ నిలబడుతుందని అడుగుతాను.

పెద్దవాళ్లు కూడా వస్తున్నారు ఈ మధ్య, ఎక్కువగా పిల్లాడికి నిర్ధారణ అయ్యాక. కొడుకు గురించి నేనడిగే ప్రశ్నలన్నీ తన గురించే అనిపించిందని ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒంటరిగా తిరిగొచ్చాడు. పెద్దవాళ్ల విషయంలోనూ లక్షణాలు చిన్నతనం నుంచీ ఉన్నట్టు తేలాలి. దానికి సాక్షి కావాలి. ఊళ్లో ఉన్న వాళ్లమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాం. పెళ్లికి తీసుకెళ్తే బాజాలు మొదలవగానే గడ్డివాము వెనక్కి పోయేవాడని, అయిదో తరగతి దాకా ఒకే కంచంలో తప్ప తినలేదని, రైళ్ల టైములన్నీ అప్పజెప్పేవాడని ఆవిడ గడగడా చెప్పుకుపోయింది. అరగంటయ్యాక ఆగి, "ఇదంతా ఎందుకు నాయనా? వాడు బాగానే చదివాడుగా" అంది.

అతను ఫోన్ దగ్గరికి వంగి, "చదివానమ్మా. ఇంకా చెప్పు, ఆ కంచం సంగతి నాకు గుర్తులేదు" అన్నాడు.