కృప, కనికరము, జాలి: తెలుగు క్రైస్తవ పరిభాషపై ఒక విచారణ

క్రైస్తవ మతమునందలి దైవప్రేమను గూర్చి తెలుగున వ్రాసినవారు సామాన్యముగా తత్త్వమును వివరింతురు. దానిని మోయుచున్న మాటలజోలికి పోరు. ఈ చిన్న వ్యాసమున ఆ మాటలనే పరిశీలింపదలచితిని.

కృప యను శబ్దము క్రైస్తవులు తెచ్చినది కాదు. జీవుని యర్హతతో పనిలేని భగవదనుగ్రహమును శ్రీవైష్ణవులు నిర్హేతుక కృప యనిరి. తల్లిపిల్లి తన కూనను నోటకరచుకొని పోవు మార్జాలకిశోర న్యాయము దాని దృష్టాంతము. గ్రీకు 'ఖారిస్' శబ్దమునకు బైబిలు అనువాదకులు ఈ మాటను గ్రహించుట సమంజసమే. కాని హీబ్రూ 'హెసెద్' శబ్దమునకును దీనినే వాడిరి. హెసెద్ అనగా చేసిన నిబంధనను తప్పని ప్రేమ. ఆ నిష్ఠ కృపయందు స్ఫురింపదు.

లూకా సువార్త మరియొక చిక్కును చూపుచున్నది. పదవ అధ్యాయమున గాయపడినవానిని చూచిన సమరయునకును, పదునైదవ అధ్యాయమున తిరిగివచ్చు కుమారుని చూచిన తండ్రికిని మూలమున ఒకటే క్రియ కలదు. బైబిలు సొసైటీవారి ప్రాత అనువాదమున మొదటివాడు 'జాలిపడి'నాడు, రెండవవాడు 'కనికరపడి'నాడు. పరదేశి హృదయమును, తండ్రి హృదయమును ఒకే మాటతో ముడివేసిన సువార్తికుని యుద్దేశము తెలుగు పాఠకునకు అందకున్నది. ఈ భేదమునకు సమర్థన నాకు కానరాదు.

ఆ గ్రీకు క్రియకు మూలము 'స్ప్లాంఖ్న', అనగా ప్రేవులు. బెజవాడనుండి బందరుపోవు త్రోవలోని పామఱ్ఱు ప్రాంతమున ఏ ముసలమ్మ నడిగినను, పరుల బాధను చూచినప్పుడు “కడుపు తరుక్కుపోయింది” అనును. గ్రంథమున కెక్కకపోయినను మూలమునకు మిక్కిలి చేరువైన పలుకుబడి యిదియే. (మువ్వ, కూచిపూడి యీ చుట్టుపట్లనే యున్నవి. క్షేత్రయ్య పదములందలి దైవప్రేమ వేఱు: అచట నాయిక వేగిపోవును, ఇచట వేగిపోవువాడు తండ్రి.)

ఇది కేవలము నిఘంటు చర్చ కాదు. బందరున 1843లో రాబర్టు నోబుల్ నెలకొల్పిన పాఠశాల అగ్రవర్ణ బాలుర నుద్దేశించినది. ఈ సీమలో మతము వేళ్లూనినది మాత్రము మాలమాదిగ పల్లెలలో. అచటివారికి దయ, కృప యనునవి అంతకుముందే భూస్వామి యెదుట పలుకవలసిన మాటలు. “తమ దయవలన” అని విన్నపములు మొదలిడిన భాష అది. ఆ మాటలతోనే దేవుని వర్ణించినప్పుడు ఆయనయు ఒక పెద్ద దొరగా తోచు ప్రమాదము కలదు. కడుపు తరుగుకొనిపోవు దేవుడు దొర కాజాలడు.

జాషువ క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. కథాక్రమమును వదలలేని నిర్బంధము ఆ కావ్యమునకు కలదు. అందుచేత దైవకరుణా స్వరూపము అందుకన్న 1941 నాటి గబ్బిలమునందే తీవ్రముగా భాసించినదని నా మతము. ఇది కొందఱికి వింతగా తోపవచ్చును. అందు వేడుకొనువాడు పంచముడు, వేడబడువాడు శివుడు, దూత గుడిచూరున వ్రేలాడు ప్రాణి. అయినను లూకాలో జాలిపడినవాడును కనికరపడినవాడును మొదట 'చూచి', పిదపనే చలించినవారు. గర్భాలయ ద్వారము మూసియున్నచో చూపునకే తావులేదు. కావుననే ఆ కవి అనుగ్రహమును యాచించుటకుముందు, తన బ్రతుకును స్వామి చెవినైన వేయుమని గబ్బిలమును పంపవలసివచ్చినది.