శాసన పాఠానికి ఏ మార్కప్?

పామూరు ఉన్న కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న కాలంలో, 1905లో, అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి మద్రాసులో మూడు సంపుటాలుగా వెలువరించిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనం ఈ ప్రాంత చరిత్రకు నేటికీ ముఖ్యమైన ఆధారం. తాలూకాల వారీగా కూర్చిన ఆ పాఠాలను కంప్యూటర్‌లో వెతికేందుకు వీలుగా మార్చాలంటే పుటలను స్కాన్ చేస్తే సరిపోదు; రాతి మీద నిజంగా ఉన్నదేదో, పరిష్కర్త ఊహించి చేర్చినదేదో యంత్రానికి కూడా విడివిడిగా తెలిసేలా పాఠంలోనే గుర్తులు వేయాలి. ఈ గుర్తుల వ్యవస్థే మార్కప్.

అచ్చులో ఈ పనిని బ్రాకెట్లు చేస్తూ వచ్చాయి. గ్రీకు, లాటిన్ శాసనాల కోసం 1931లో లైడెన్‌లో కుదిరిన పద్ధతిలో చదరపు బ్రాకెట్లలోని అక్షరాలు రాతి మీద నశించి, పరిష్కర్త పూరించినవి. ఎపిగ్రాఫియా ఇండికా సంప్రదాయంలో అవే బ్రాకెట్లు అరిగి సందేహంగా మిగిలిన అక్షరాలను సూచిస్తాయి, పూరణ అని తెలపడానికి నక్షత్రపు గుర్తు తోడవుతుంది. ఒకే గుర్తు రెండు చోట్ల రెండు మాటలు చెబుతున్నప్పుడు, ఆ గుర్తును ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించడం పొరపాటును శాశ్వతం చేయడమే.

ఇక ఏ మార్కప్‌ను ఎంచుకోవాలన్నది ప్రశ్న. యంత్రాల వాడుక పుస్తకాల కోసం ఐబీఎంలో రూపుదిద్దుకుని 2005లో ఓయాసిస్ సంస్థ ప్రమాణమైన డిటా అనే మార్కప్, ఒకసారి రాసిన హెచ్చరికను పది పుస్తకాల్లో తిరిగి వాడుకోవడానికి ఎంతో అనువైనది. కానీ ప్రతి అక్షరమూ ఒకే ఒక రాతికి చెందిన శాసనానికి ఆ సౌకర్యంతో పని లేదు. 1987లో మొదలైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ మీద ఆధారపడిన ఎపిడాక్ ఇక్కడ తగినది, ఎందుకంటే పూరించిన అక్షరానికి ‘సప్లైడ్’, మసకబారినదానికి ‘అన్‌క్లియర్’, పూరించలేని ఖాళీకి ‘గ్యాప్’ అని అందులో వేర్వేరు ట్యాగులున్నాయి. శాతవాహన, ఇక్ష్వాకు కాలాల ఆంధ్రదేశపు తొలి శాసనాల డిజిటల్ సంకలనం ఈ బాటలోనే తయారైంది.

ఈ తేడా ఎంత విలువైనదో తేదీ దగ్గర బాగా కనిపిస్తుంది. ఒక దానశాసనంలో శకవర్షం తొలి రెండు అంకెలు పద్నాలుగుగా నిలిచి, చివరి రెండూ పెచ్చులూడి, సంవత్సరం పేరు మాత్రం మిగిలిందనుకుంటే, అరవయ్యేళ్ల చక్రంలో ఆ పేరు ఆ శతాబ్దంలో ఒకటి రెండుసార్లకు మించి రాదు కాబట్టి తిథి, వారాలతో సరిచూసి అంకెలను పూరించవచ్చు. ఆ పూరణ మంచి పాండిత్యమే, కానీ ‘సప్లైడ్’ ట్యాగు లేకుండా జాబితాకెక్కితే మరుసటి పరిశోధకుడు దాన్ని రాతి సాక్ష్యంగానే తీసుకుంటాడు.

లిపి విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. రేనాటి చోడుల కాలపు తెలుగు శాసనాల్లో కనిపించే ‘ఴ’ అక్షరం యూనికోడ్‌లోకి 2014లోగానీ రాలేదు. దాన్ని ‘ళ’గానో ‘డ’గానో మార్చి రాస్తే భాష వయసు చెప్పే ఒక ఆనవాలు చెరిగిపోతుంది.

శాసనానికిచ్చే సంఖ్యను జిల్లా పేరుతో ముడిపెట్టకూడదు. కనిగిరి 1970లో నెల్లూరు నుంచి విడిపోయి కొత్త ఒంగోలు జిల్లాలో చేరింది, అదే తరువాత ప్రకాశం అయింది. అలాగే విడిపోయిన కందుకూరు 2022లో తిరిగి నెల్లూరుకే వెళ్లింది. అందువల్ల 1905 నాటి తాలూకా సంఖ్యను పాత ఉల్లేఖనగా ఉంచి, రాతికి హద్దులతో మారని స్వంత గుర్తింపును ఇచ్చి, ఊరు, మండలం, జిల్లాలను విడి గడులలో రాయడమే సరైన మార్గం. ముందుగా పూరణ, సందేహం, ఖాళీ అనే మూడు ట్యాగులతోనే పని మొదలుపెట్టి, తూము, పుట్టి వంటి కొలతలనూ గ్రామనామాలనూ తరువాతి దఫాలో గుర్తించవచ్చు.