పటాన్‌చెరు వ్యర్థములు: కొలతలో లోపము

2016లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ప్రమాదకర వ్యర్థముల నియమములలో ఒక మెట్ల వరుస కలదు. మొదట వ్యర్థము పుట్టకుండ చూడవలెను. పుట్టక తప్పనిచో తగ్గించవలెను. పిదప తిరిగి వాడుట, మరల సరకుగ మార్చుట, అందలి పదార్థమునో శక్తినో రాబట్టుట. ఇవేవియు సాగనప్పుడే క్షేమముగ పారవేయుట. వరుస బాగున్నది. కాని పటాన్‌చెరు ప్రాంతములో జరిగిన పనిని చూచినచో, మనవారు కడపటి మెట్టు మీదనే ఎక్కువ కాలము నిలిచినారని తోచును.

1970 దశకములో, అప్పటి మెదకు జిల్లాకు చెందిన ఈ ప్రాంతమున పారిశ్రామిక వాడ వెలసినది. మందులకు మూలపదార్థములు చేయు కర్మాగారములు బొల్లారము వరకు వ్యాపించినవి. వాటి నీరు నక్కవాగులో పడినది. నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలియును. వాగు ఒడ్డున పొలములు, బావులు చెడిపోగా 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టుకు ఎక్కినది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రము పనిచేయ నారంభించినది. 2001లో దుండిగల్‌లో ప్రమాదకర ఘనవ్యర్థములను పూడ్చు స్థలము ఏర్పడినది. 2009లో శుద్ధి కేంద్రపు నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టము ద్వారా హైదరాబాదు మురుగు కాల్వలో కలిపి, మూసీ ఒడ్డునగల అంబరుపేట కేంద్రమునకు పంపసాగినారు. వాగుకు కొంత ఊరట కలిగినమాట నిజమే. అయినను ఈ చర్యలన్నియు “దీనిని ఎచ్చటికి పంపుదుము?” అను ప్రశ్నకే సమాధానములు. “ఇది ఎందులకు పుట్టుచున్నది?” అని అడిగినవి కావు.

ఉమ్మడి శుద్ధిలోనే ఒక చిక్కు కలదు. మందుల తయారీలో ద్రావణులు విరివిగ వాడుదురు. అసిటోను 56 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, మిథనాలు 65 డిగ్రీల వద్ద, టోలీను 111 డిగ్రీల వద్ద మరుగును. ఒక్కొక్క ద్రావణి తన తొట్టిలో విడిగా నున్నంతవరకు దానిని బట్టీపట్టి తిరిగి వాడుట తేలిక. పలు కర్మాగారముల నీరు, లవణములు, ద్రావణులు ఒకే తొట్టిలో కలిసిన పిమ్మట వాటిని వేరుచేయుట, పప్పులో కలిసిన ఉప్పును తిరిగి తీయుట వంటిది. కలుపకముందు సరకు, కలిపిన తరువాత వ్యర్థము!

ఇంకొక లోపము కొలబద్దలో నున్నది. నీటిలోని మాలిన్యమును ఆక్సీకరించుటకు ఎంత ఆక్సిజను కావలెనో తెలుపు సంఖ్యను సి.ఓ.డి. అందురు. వాగులలోనికి వదలు నీటికి సామాన్యముగ విధించిన పరిమితి లీటరునకు 250 మిల్లీగ్రాములు. ఈ సంఖ్య మాలిన్యము ఎంతయో చెప్పునేగాని అది ఏమిటో చెప్పదు. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు యోకిం లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరు కేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించి ఫలితములు ప్రకటించినారు. అందు సిప్రోఫ్లాక్ససిన్ అను యాంటీబయాటిక్ మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. కొన్ని బాక్టీరియాలను చంపు మోతాదుకు ఇది వేయి రెట్లకు పైమాట. ఆనాడు దినమునకు సుమారు 1500 ఘనమీటర్ల నీరు శుద్ధియగుచుండెను. విద్యార్థులు గుణించి చూడవచ్చును: 15 లక్షల లీటర్లు, లీటరునకు 30 మిల్లీగ్రాముల చొప్పున 45 కిలోగ్రాములు. 90 లక్షల జనముగల స్వీడను దేశము 5 దినములలో మ్రింగునంత మందు!

ఇప్పుడు ఇంకొక లెక్క. ఆ 31 మిల్లీగ్రాముల మందును పూర్తిగ ఆక్సీకరించుటకు దాని అణుసూత్రమును బట్టి సుమారు 50 మిల్లీగ్రాముల ఆక్సిజను చాలును. అనగా సి.ఓ.డి. పరిమితిలో ఐదవ వంతు మాత్రమే. ఇంత మందుగల నీరు కూడ ఆ పరీక్షలో ఉత్తీర్ణము కావచ్చును. ఇవి నాటి అంకెలు. తరువాత పలు కర్మాగారములు నీటిని ఆవరణలోనే ఆవిరిచేయు పద్ధతికి మారినవి. కాని కొలబద్ద మారలేదు. వ్యర్థములు పడిన కాజిపల్లి చెరువులో, మందుకు లొంగని గుణమునిచ్చు జన్యువులు స్వీడను చెరువొకదానితో పోల్చగా సుమారు 7000 రెట్లు ఉన్నట్లు 2014లో తేలినది.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ యాంటీబయాటిక్ మందులకు విడివిడిగ పరిమితులు ప్రతిపాదించినది. 2021 ఆగస్టులో వెలువడిన తుది ప్రకటనలో అవి లేవు. విచిత్రమేమనగా, 2016 నాటి పురపాలక ఘనవ్యర్థ నియమములు ఇంటిలో గడువు తీరిన మాత్రలను గృహ ప్రమాదకర వ్యర్థముగ లెక్కించి వేరుగ పెట్టుమన్నవి. గృహిణి నాలుగు మాత్రలకు లెక్క చెప్పవలెను, గొట్టమునకు అక్కరలేదు!

స్థానిక సంస్థల చేతిలో ఏమున్నది? 2007లో పటాన్‌చెరు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినది. పారిశ్రామిక వాడల లోపలనో, పన్ను వసూలు మొదలగు అధికారములు వేరొక పారిశ్రామిక స్థానిక సంస్థకు చెందును. పంచాయతీకి పన్నులో వాటా మాత్రమే ముట్టును. వాగు మాత్రము ఊరిదే.

చేయదగిన పని కష్టమైనది కాదు. కర్మాగారము కొన్న ద్రావణి ఎంత, తిరిగి రాబట్టినది ఎంత, సరకుతో పోయినది ఎంత? తీసివేయగా మిగిలినదే వ్యర్థము. ఈ అంకెలు చిట్టాలలో నుండునవే. మందు ఎంత పోవుచున్నదో కర్మాగారపు గుమ్మము వద్దనే, ఇతర నీటితో కలియకముందే కొలవవలెను. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ కర్మాగారముల వ్యర్థములపై ప్రకటించిన మార్గదర్శక సూత్రములు, తనిఖీలతోపాటు ప్రజలకు వివరములు తెలుపుటను కూడ కోరినవి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇచ్చునపుడు ఈ లెక్కను అడుగవచ్చును. ఆ కాగితమును నక్కవాగు ఒడ్డున పంచాయతీ కార్యాలయపు గోడపై కూడ అంటించవచ్చును.