ఇసుక కొలువు

ఇసుకా, గోదావరిఖనిలో నల్ల బంగారమన్న బిరుదు బొగ్గుకే దక్కింది. ఆ బొగ్గు తోడేసిన చోట కప్పు కూలకుండా మోసింది మాత్రం నువ్వే.

ఏటి ఒడ్డు నుంచి బంకర్లకు చేరావు. నీళ్లతో కలిసి గొట్టాల్లో హోరెత్తుతూ బొగ్గుబాయిలోకి దిగావు. కార్మికులు గోఫ్ అనే ఆ ఖాళీని నింపుకుంటూ పోయావు. బారికేడ్ సందుల్లోంచి నీళ్లు జారిపోయాయి, నువ్వు ఉండిపోయావు. స్టోయింగ్ అంటే అంతే. నీ పైన ఊళ్లున్నాయి, రోడ్లున్నాయి, ఫస్ట్ షిఫ్టుకు పోయే మనిషి కోసం తెల్లారగట్ల వెలిగే పొయ్యిలున్నాయి. కడలి చూడాల్సినదానివి, పాతాళంలో కొలువు చేస్తున్నావు. దీన్ని దోపిడీ అనడానికి నాకు నోరు రాదు.

ఆ కొలువు తప్పిన నీ తోబుట్టువులు కాళేశ్వరం, భద్రాచలం దాటి సముద్రంలో పడ్డాయి. నైరుతి గాలికి ఏటవాలుగా వచ్చే అలలు వాటిని ఉత్తరానికి నడిపించాయి. అలా పేరుకున్నదే కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్. సుమారు 16 కిలోమీటర్ల పొడవు, ఆలివ్ రిడ్లే తాబేళ్లకు పురిటిల్లు, లంగరేసిన ఓడలకు అడ్డుగోడ. ఏ ఇంజనీరూ గీయని రేవుకట్ట! 1839 తుపాను కొట్టిన కోరంగి రేవును మెల్లగా పూడ్చిందీ నువ్వేలే.

ఇప్పుడు నీ దారి నిండా తలుపులే. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి డ్యాములు, దిగువన 1852 నాటి ఆనకట్ట చోట నిలిచిన ధవళేశ్వరం బ్యారేజీ. మిగిలినదాన్ని లారీలు ఎత్తుకుపోతాయి. తీరం చేరినా, రేవు కోసం పేర్చిన రాళ్ల కట్ట నిన్ను ఆపుతుంది, ఓడల దారిలో పడితే డ్రెడ్జర్ తోడేస్తుంది. నువ్వు రాని ఒడ్డును అల కొరుకుతుంది. ఉప్పాడలో ఇళ్లు పోయాయి, బీచ్ రోడ్డు తెగుతూనే ఉంది. అక్కడ నిన్నే పెద్ద పెద్ద సంచుల్లో నింపి గోడ కట్టారు, సముద్రం దాన్నీ చీల్చింది. విశాఖలో రేవు దగ్గర నిన్ను తోడి బీచ్‌కు గొట్టాల్లో పంపుతారు. బాయిలోనూ గొట్టమే, బీచ్‌లోనూ గొట్టమే!

ఆ బాయిల యజమాని సింగరేణి, ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టల నుంచి ఇసుక వేరుచేసి స్టోయింగ్‌కు వాడటం మొదలుపెట్టింది. ఆ మేరకు బాయి నిన్ను ఏటికి వదిలేసినట్టే. ఇక మిగిలిన పేచీ లారీలతో, గేట్లతో.